ఎత్తి పెట్టేసిన రిసీవర్: వార్డుకూ ఫార్మసీకీ మధ్య మాటతీరుపై ఒక కేస్ స్టడీ

ఒక పెద్ద ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ వార్డు నుంచి ఫార్మసీకి వెళ్లే సందేహాల ఫోన్లు కొన్ని నెలలుగా తగ్గుతూ వచ్చాయి. నెలవారీ సమీక్షలో అందరూ సంతోషించారు. డాక్టర్లు చార్టులు శుభ్రంగా రాస్తున్నారు, నర్సులకు అనుభవం వచ్చింది, అడగాల్సిన అవసరం తగ్గింది అని మినిట్స్‌లో రాసుకున్నారు. ఆ తర్వాత ఒక సాయంత్రం పొటాషియం డ్రిప్ విషయంలో జరగరానిది జరగబోయి ఆగింది. దాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోతే బయటపడ్డది వేరే సంగతి. సందేహాలు ఎప్పటిలాగే వస్తున్నాయి, వాటిని ఫార్మసీ దాకా తీసుకెళ్లడమే మానేశారు.

ముందే ఒక మాట. ఇది ఏ ఒక్క ఆసుపత్రి కథా కాదు. ఇలాంటి పనిలో పదేపదే ఎదురయ్యే సంగతులను కలిపి ఒకే వార్డు, ఒకే ఫార్మసీ అన్నట్టు రాసినది. కాబట్టి 'ముందు ఇంత శాతం, తర్వాత ఇంత శాతం' అనే పట్టిక ఇందులో దొరకదు. కలిపి రాసిన కేసుకు అలాంటి అంకెలు తగిలిస్తే అవి కట్టుకథే అవుతాయి. ఇందులో శాతాలు కనిపించిన చోటల్లా అవి ప్రచురితమైన పరిశోధనలవి.

ఆ సాయంత్రం

చార్టులో ఉన్నది ఇంతే: పొటాషియం క్లోరైడ్ 20 మిల్లీ ఈక్వివలెంట్లు (పొటాషియం మోతాదును కొలిచే ప్రమాణం), 500 మి.లీ. సెలైన్‌లో. ఎంతసేపట్లో ఎక్కించాలో రాయలేదు. పేషెంటుకు ఉన్నది ముంజేతి నరంలో పెట్టిన సన్న గొట్టం, మామూలు క్యాన్యులా. అలాంటి నరంలోంచి పొటాషియం గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లు దాటకుండా ఇవ్వడం వాడుక. ఆ లెక్కన ఈ సీసాకు తక్కువలో తక్కువ రెండు గంటలు పట్టాలి. గుండెకు దగ్గరి పెద్ద నరంలోకి వేసే సెంట్రల్ లైన్ ఉండి, ఈసీజీ మానిటర్ ఆగకుండా నడుస్తున్న ఐసీయూలో అయితే గంటకు 20 దాకా వెళ్తారు. వేగం మితిమీరితే ముందు నరం మండుతుంది, ఆ తర్వాత గుండె లయ తప్పే ప్రమాదం.

డ్యూటీ నర్సుకు అనుమానం వచ్చింది. ఫోన్ దగ్గరకు వెళ్లి రిసీవర్ ఎత్తింది, నంబరు నొక్కకుండానే పెట్టేసింది. పక్కనున్న సీనియర్‌ని అడిగింది.

"అక్కా, పొటాషియం 20 ఎంతసేపు పెడతాం?"

"మేం గంటలో ఎక్కించేసేవాళ్లం."

ఆ అక్క అబద్ధం చెప్పలేదు. ఆమె అంతకుముందు పనిచేసింది ఐసీయూలో. పంపు గంటకు 500 మి.లీ.కి సెట్ అయింది. పది నిమిషాల్లో షిఫ్టు మారింది. పేషెంటు 'చెయ్యి మండుతోందమ్మా' అనడంతో కొత్తగా వచ్చిన నర్సు పంపు అంకె చూసి ఆపేసింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఘటనల రిజిస్టర్‌లో 'ఆర్డరు అసంపూర్ణం, సమయం రాయలేదు' అని రాశారు. అది నిజమే. కానీ ఎత్తి పెట్టేసిన రిసీవర్ సంగతి అందులో లేదు, ఉండే వీలూ లేదు. రిజిస్టర్‌లో జరిగినవాటికే గడులుంటాయి.

ఫోన్ ఎందుకు చేయలేదు అని అడిగితే మొదట వచ్చిన జవాబు 'బిజీగా ఉన్నాం'. ఇలాంటి మాటల్లో మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ ఇదే. కాసేపయ్యాక రెండోది వచ్చింది. నాలుగు రోజుల క్రితం వేరే పేషెంటు గురించి అదే డెస్కుకు ఫోన్ చేస్తే, "చార్టులో ఉంది కదా సిస్టర్, చూసుకోరా?" అన్నారట. ఆ వెంటనే టక్కున ఫోన్ పెట్టేసిన చప్పుడు. ఆమె అడిగింది చార్టులో లేదు. అయినా మళ్లీ చేయలేదు.

అంత చిన్న మాటకేనా?

ఇన్‌ఛార్జులందరూ అడిగే ప్రశ్న ఇది. తిట్టలేదు, అరవలేదు, పేరు పెట్టి అవమానించలేదు. నిజమే, అందుకే ఇది మొండిగా తిష్ఠ వేస్తుంది. 1999లో లిన్ ఆండర్సన్, క్రిస్టీన్ పియర్సన్ పనిచోట అమర్యాదకు ఇచ్చిన నిర్వచనంలో రెండు ముక్కలున్నాయి. ఒకటి, తీవ్రత తక్కువ. రెండోది, హాని చేయాలనే ఉద్దేశం ఉందో లేదో తేలకపోవడం. తిడితే ఫిర్యాదు చేయొచ్చు, మనసులో లెక్క తేలిపోతుంది. 'చూసుకోరా?' అన్నదానికి ఎవరి మీద ఏమని రాస్తారు? నన్నే అన్నారా, పని ఒత్తిడిలో అన్నారా, నిజంగానే చార్టులో ఉందా, నేనే చూసుకోలేదా అని అడిగిన మనిషి బుర్రలో గింగిరాలు తిరుగుతూనే ఉంటుంది. ఆ తిరిగేది పనికి పెట్టాల్సిన ధ్యాసే.

దీన్ని ప్రయోగంలో పట్టిన వాళ్లున్నారు. ఇజ్రాయెల్‌లో ఆరియే రిస్కిన్, అమీర్ ఎరెజ్, పీటర్ బాంబర్గర్ తదితరులు నవజాత శిశువుల ఐసీయూ బృందాలు 24 తీసుకుని, బొమ్మ శిశువుతో అత్యవసర పరిస్థితిని సృష్టించారు. నెలలు నిండని బిడ్డకు పేగు జబ్బు ముదురుతున్న సందర్భం అది. కొన్ని బృందాలతో విదేశీ నిపుణుడు మామూలుగా మాట్లాడాడు. మిగతావాళ్లతో, వాళ్ల పనితో సంబంధం లేకుండా, చిన్నబుచ్చే మాటలు నాలుగు అన్నాడు. 2015లో అచ్చైన ఆ ఫలితాల్లో రెండోరకం బృందాలు రోగనిర్ధారణలోనూ చికిత్స చేతల్లోనూ వెనకబడ్డాయి. బృందాల స్కోర్లలోని తేడాలో దాదాపు 12 శాతాన్ని ఆ మాటలే వివరించాయి. మన కేసుకు ముఖ్యమైన సంగతి దాని లోపల ఉంది. మాట పడ్డవాళ్లు ఒకరికొకరు సమాచారం చెప్పుకోవడం తగ్గింది, సాయం అడగడం తగ్గింది. నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, అది ఒకరి నుంచి ఒకరికి చేరే దారి మూసుకుపోయింది.

2019లో మత్తుమందు విభాగంలో శిక్షణలో ఉన్న డాక్టర్లతో (రెసిడెంట్లు) చేసిన మరో సిమ్యులేషన్‌లో, అంటే సృష్టించిన సందర్భంలో, సర్జన్ పాత్రధారి విసుగ్గా ప్రవర్తించిన చోట ఆశించిన స్థాయిలో పనిచేసినవాళ్లు 63.6 శాతం. మామూలుగా ప్రవర్తించిన చోట 91.2 శాతం. అంతకన్నా గమనించాల్సింది ఇంకొకటుంది: ఎలా చేశారని వాళ్లనే అడిగితే, రెండు గుంపులూ తమకు తాము ఇచ్చుకున్న మార్కుల్లో తేడా లేదు. 'నేనవన్నీ పట్టించుకోను, నా పని నాది' అనే సీనియర్ల మాటను ఈ కారణంగానే సాక్ష్యంగా తీసుకోకూడదు. తాము పట్టించుకోలేదని వాళ్లు నిజంగానే నమ్ముతారు.

ఇక ఫోన్ సంగతికి వస్తే, మందుల భద్రత మీద పనిచేసే అమెరికా సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఫర్ సేఫ్ మెడికేషన్ ప్రాక్టీసెస్ 2003లో చేసిన సర్వేలో 49 శాతం మంది ఒకే మాట చెప్పారు. గతంలో ఎదురైన బెదిరింపు తీరు వల్ల మందుల ఆర్డర్ల మీద సందేహాలు అడిగే పద్ధతినే మార్చుకున్నామని. పద్ధతి మార్చుకోవడం అంటే మన కేసులో పక్కనున్న అక్కని అడగడం.

లెక్క ఎలా తీశారు

'ఇక్కడ ఎవరు దురుసుగా మాట్లాడతారు?' అని అడగడంతో మొదలుపెట్టిన విచారణ రెండో రోజే చస్తుంది. పేర్లు వస్తాయి, వర్గాలు ఏర్పడతాయి, అందరూ జాగ్రత్తపడతారు. ఇక్కడ అడిగింది వేరు: 'గత రెండు వారాల్లో ఏదైనా అడగాలనుకుని అడగకుండా వదిలేసిన సందర్భం చెప్పండి. ఆ పని చివరికి ఎలా జరిగింది?' ఒక్కొక్కరితో విడిగా, ఇరవై నిమిషాలు, వార్డు బయట. ఇన్‌ఛార్జ్ సిస్టర్ గదిలో కూర్చోబెట్టి అడిగితే జవాబులు వేరుగా వస్తాయి.

దానితోపాటు ఫార్మసీ ఫోన్ పక్కన 14 రోజులు ఒక కాగితం. ప్రతి కాల్‌కూ ఏ వేళకు వచ్చింది, ఎందుకు చేశారు, ఎంతసేపు, ఈ మూడే. పేర్లుండవు. కారణాలు నాలుగు రకాలు: మందు ఎప్పుడొస్తుంది, స్టాకు ఉందా, డోసు లేదా కలిపే పద్ధతి గురించి సందేహం, తప్పు మందు వచ్చింది. పద్నాలుగు రోజులు ఎందుకంటే వారానికి వారం డ్యూటీలు మారతాయి, ఒక్క వారం లెక్క ఒక్క మనిషి లెక్కై కూర్చుంటుంది.

ఇంకో కాగితం కొంచెం సున్నితం. మాటతీరును గుర్తించేది. ఇందులో 'మర్యాద', 'అమర్యాద' అనే గడులు పెట్టకూడదు. అవి రాసేవాడి తీర్పులు, ఇద్దరు రాస్తే రెండు రకాలుగా రాస్తారు. చెవికి వినిపించేవే రాయాలి. ఫోన్ ఎత్తగానే పేరు చెప్పారా? అవతలివాళ్ల వాక్యం పూర్తవకుండా మధ్యలో అందుకున్నారా? ప్రశ్నకు ప్రశ్నే జవాబైందా? నిట్టూర్పు ఉందా? అవతలివాళ్లు ముగించకముందే ఫోన్ పెట్టారా? ఇద్దరు పరిశీలకులు మొదటి రోజు ఒకే కాల్స్‌ని విడివిడిగా రాసి పోల్చుకోవాలి. 'నిట్టూర్పు' గడి దగ్గర కచ్చితంగా తేడా వస్తుంది, కుదరకపోతే ఆ గడి కొట్టేయడమే మేలు.

కాగితాలు పక్కపక్కన పెడితే కనబడింది ఇది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య కాల్స్ కుప్పపడుతున్నాయి. వాటిలో ఎక్కువభాగం 'మందు ఎప్పుడొస్తుంది' రకం. డోసు సందేహాలు కొద్దిపాటివి, అవీ ఉదయం పూటవే. సాయంత్రం ఆ గడి దాదాపు ఖాళీ. ఆర్డర్లు మాత్రం సాయంత్రం రౌండ్ల తర్వాతే ఎక్కువ. ఆర్డర్లు ఎక్కువ రాసే వేళ సందేహాలు సున్నా అంటే, అక్కడే వెతకాలి.

డెస్కు వెనక మనిషి

సాయంత్రం డెస్కులో ఉండేది ఒక్క ఫార్మసిస్టు. ఫోన్ ఉన్నది మందులిచ్చే కౌంటర్ మీద. డిశ్చార్జ్ అయ్యేవాళ్ల బంధువులు కౌంటర్ ముందు, వార్డుల ఇండెంట్లు (మందులు కావాలని పంపే చీటీలు) ఎడమ పక్కన, చెక్ చేయాల్సిన ట్రే కుడి పక్కన. ఫోన్ మోగినప్పుడల్లా లెక్కపెడుతున్న స్ట్రిప్పులు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. ఎత్తితే అవతల గొంతు: "హలో, మా మందులు ఇంకా రాలేదేంటి?" ఎవరు, ఏ వార్డు, ఏ పేషెంటు, ఏదీ ఉండదు. ఒక గంటలో అలాంటివి పది ఎత్తాక, పదకొండోది నిజమైన డోసు సందేహమైనా గొంతు మాత్రం పదో కాల్‌ది.

అంటే వార్డు వాళ్లకు దురుసుతనంగా వినిపించినదానికి సగం కారణం వార్డు ఫోన్ చేసే తీరులోనే ఉంది. ఈ ముక్క నివేదికలో రాయడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే ఫిర్యాదు చేసింది వార్డు. ఇంకొంచెం పైకి పోతే మరో సంగతి. అదే ఫార్మసిస్టు మధ్యాహ్నం ఒక సీనియర్ డాక్టర్‌కు ఫోన్ చేసి డోసు నిర్ధారించమంటే, "రాసింది ఇవ్వండి, నాకు పాఠాలొద్దు" అనే జవాబు వస్తోంది. పైనుంచి పడ్డ మాట కిందికి జారుతుంది. ట్రెవర్ ఫౌక్, ఆండ్రూ వూలమ్, ఎరెజ్ 2016లో బేరసారాల తరగతి విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, దురుసు భాగస్వామితో కూర్చున్నవాళ్లు తర్వాతి భాగస్వామికి తామే దురుసుగా కనిపించారు. మధ్యలో వారం గడిచినా ఆ ఛాయ పోలేదు. ఇది జలుబు లాంటిది, ఎక్కడ అంటుకుందో తెలియకుండానే పంచేస్తాం.

మొదట చేసినవి, చెడినవి

మూడు పనులు చేశారు, మూడూ బెడిసికొట్టాయి. ప్రతిచోటా ముందు ఇవే చేస్తారు గనక వివరంగా చెప్పడం మంచిది.

పోస్టర్లు: చిరునవ్వుతో మాట్లాడండి అని. వారం తిరక్కుండా ఫార్మసీలో అది ఎగతాళి మాటైంది. విసుగ్గా మాట్లాడిన వాళ్లను 'ఏదీ, చిరునవ్వు?' అని ఆటపట్టించడం మొదలైంది.

స్క్రిప్టు: ఫోన్ ఎత్తగానే 'నమస్కారం, ఫార్మసీ, మీకు ఏవిధంగా సహాయపడగలను?' అనాలి. పొడుగాటి వాక్యం. కౌంటర్ ముందు జనం నిలబడి ఉండగా దీన్ని చెప్పే మనిషి ఊపిరాడకుండా ఒకే గుక్కలో అంటాడు. వినేవాళ్లకు మాటలు మర్యాదగానూ గొంతు దురుసుగానూ చేరతాయి. రెండూ పొసగనప్పుడు మనిషి నమ్మేది గొంతునే. పాత 'చెప్పండి' కన్నా ఇది హీనమైంది.

క్షమాపణ: నర్సులంతా కూర్చున్న మీటింగులో ఫార్మసిస్టు చేత 'సారీ' చెప్పించారు. అది ఈ కేసులో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మర్యాద గురించి రాసినవాళ్లు సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ కాలం నుంచీ చెబుతున్నది ఒకటే: ప్రతి మాటలోనూ ఇద్దరి పరువూ పందెంలో ఉంటుంది. ఒకరి పరువు నిలబెట్టడానికి ఇంకొకరిది నలుగురిలో తీస్తే లెక్క సరిపోదు, బాకీ చేతులు మారుతుంది. ఆ తర్వాత ఫోన్లో దురుసుతనం పోయింది, దాని స్థానంలో 'అవునండి, కాదండి, చార్టు ప్రకారం చేయండి' అనే గడ్డకట్టిన మర్యాద వచ్చింది. కాగితం మీద తప్పు పట్టడానికి ఏమీ లేదు. సందేహాల గడి మాత్రం అలాగే ఖాళీ.

పనిచేసిన మార్పులు

మొదటిది మాటతీరుతో సంబంధమే లేనిది. 'మందు ఎప్పుడొస్తుంది' అనే కాల్స్‌ని ఫోన్ మీంచి తీసేశారు. ఏ వార్డు ఇండెంట్ ఏ దశలో ఉందో (అందింది, తయారవుతోంది, బయల్దేరింది) షిఫ్టుకు మూడుసార్లు నిర్ణీత వేళల్లో వార్డు కంప్యూటర్లో పెట్టడం. కంప్యూటర్ లేనిచోట మందులు తెచ్చే అటెండర్ చేతికి చిన్న చీటీ. వేళ తప్పితే నమ్మకం పోయి కాల్స్ మళ్లీ మొదలవుతాయి కాబట్టి ఆరుసార్లని చెప్పి నాలుగుసార్లు చేయడం కన్నా, మూడుసార్లని చెప్పి మూడుసార్లూ చేయడం నయం.

రెండోది, సందేహాల ఫోన్‌ని కౌంటర్ మీంచి చెకింగ్ టేబుల్ దగ్గరకు మార్చడం. ఐదడుగుల వైరు పని. జనం ముందు నిలబడి మాట్లాడేవాడు జనం కోసం కూడా మాట్లాడతాడు. 'చూడండి నన్నెలా విసిగిస్తున్నారో' అనే ముక్క గొంతులో తనకు తెలియకుండానే చేరుతుంది. కూర్చుని, చార్టు కళ్లముందు పెట్టుకుని మాట్లాడే మనిషి గొంతు వేరు.

అప్పుడు మాటల దగ్గరకు వచ్చారు. చేసేవాళ్లకు ఒక వరస: పేరు, వార్డు, బెడ్ నంబరు, ప్రశ్న, ఎందుకు అడుగుతున్నారో ఒక ముక్క. "లక్ష్మినండి, మెడిసిన్ వార్డు స్టాఫ్ నర్సుని, బెడ్ 14. పొటాషియం 20కి టైమ్ రాయలేదు. చేతి క్యాన్యులా కాబట్టి అడుగుతున్నా." పన్నెండు సెకన్లు. అందులో చివరి ముక్కని వదలకూడదు. ఎలెన్ లాంగర్ 1978లో జిరాక్స్ మెషీన్ దగ్గర చేసిన ప్రయోగంలో, ఐదు పేజీలకు వరస తప్పించి ముందు చేసుకోనివ్వమని ఊరికే అడిగితే 60 శాతం ఒప్పుకున్నారు. ఏదో ఒక కారణం కలిపితే, అది ఉత్త డొల్ల కారణమైనా, 90 శాతం దాటింది. కానీ 20 పేజీలు అనేసరికి డొల్ల కారణం పనిచేయలేదు, అసలైన కారణమే పనిచేసింది. బిజీగా ఉన్నవాణ్ని ఆపడం 20 పేజీల కిందే లెక్క.

ఎత్తేవాళ్లకు: పేరు, 'చెప్పండి'. అంతే. వాక్యం పూర్తయ్యేదాకా అందుకోవద్దు. కుదరకపోతే, 'చేతిలో చెకింగ్ ఉంది, ఐదు నిమిషాల్లో నేనే చేస్తా' అని చెప్పి నోట్‌బుక్‌లో బెడ్ నంబరు, టైము రాయడం. పక్కన 'తిరిగి చేశాను' అనే గడి. మాటిచ్చి చేయకపోతే దురుసుగా మాట్లాడినదానికన్నా ఎక్కువ నష్టం: దురుసువాణ్ని గతిలేకైనా ఇంకోసారి అడగొచ్చు, మాట తప్పినవాణ్ని అడగరు.

ముగింపులో చెప్పింది తిరిగి చెప్పించుకోవడం: 'రెండు గంటలు, అంటే గంటకు 250 మి.లీ., అంతేనా?' 'అంతే.' ప్రశ్న నిజంగా పనికొచ్చినప్పుడు మాత్రం ఇంకో ముక్క: 'అడిగారు కాబట్టి దొరికింది.' దీన్ని ప్రతి కాల్‌కూ తగిలిస్తే వారంలో స్క్రిప్టైపోతుంది. ఆడమ్ గ్రాంట్, ఫ్రాన్సిస్కా గినో 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇక్కడ గుర్తు చేసుకోదగ్గది. ఒక విద్యార్థి ఉద్యోగ దరఖాస్తు లేఖ మీద సలహా ఇచ్చినవాళ్లను అతనే మళ్లీ సాయం అడిగాడు. 'అందింది' అని మాత్రమే రాసినప్పుడు 32 శాతం ఒప్పుకుంటే, థ్యాంక్స్ చేర్చినప్పుడు 66 శాతం. ఇంకా విశేషం, అడిగింది వేరే మనిషైనా సాయం చేసేవాళ్లు పెరిగారు: 25 శాతం నుంచి 55కి. తమ సాయానికి విలువ ఉందని తెలియడమే వాళ్లను కదిలించింది. సందేహం అడిగిన నర్సుకూ ఇదే వర్తిస్తుంది. తన ప్రశ్న అడ్డంకి కాదని తెలిస్తే తర్వాతి షిఫ్టులో ఇంకో డెస్కునూ అడుగుతుంది.

మాట జారాక

ఇన్ని ఏర్పాట్లున్నా జారుతుంది. అందుకని దిద్దుకునే పద్ధతి ముందే అనుకోవాలి. అదే షిఫ్టులో, ఇద్దరి మధ్యే, మూడు వాక్యాలు: 'ఇందాక విసురుగా అన్నాను. మీరు అడిగింది సరైనదే. ఇంకేమైనా మిగిలిందా?' మొదటి వాక్యం చాలామందికి వస్తుంది. రెండోది లేకపోతే అవతలివాళ్ల అనుమానం అలాగే ఉండిపోతుంది. అసలు పని చేసేది మూడోది, ఆగిపోయిన ప్రశ్న బయటికొచ్చేది అక్కడే. 'కానీ' అనే మాట రాకూడదు. 'విసురుగా అన్నాను, కానీ అప్పుడు నా పరిస్థితి...' అన్నారంటే దిద్దుబాటు పోయి వాదన మొదలైనట్టే.

పక్కనుండి విన్నవాళ్ల సంగతి చాలా చోట్ల వదిలేస్తారు. క్రిస్టీన్ పోరత్, ఎరెజ్ 2009లో చూపించినట్టు, దురుసుతనాన్ని చూసినవాళ్ల పనితీరు కూడా దెబ్బతింటుంది, సాయం చేసే గుణం తగ్గుతుంది. వార్డులో ఫోన్ పట్టుకున్నది ఒక్కరే, ఆ ముఖం చూసింది నలుగురు. కాబట్టి పక్కనున్న సీనియర్ చేయాల్సింది తీర్పు చెప్పడం కాదు. 'వాళ్లు ఎప్పుడూ అంతేలే' అన్న ఓదార్పు అన్నిటికన్నా చేటు, ఎందుకంటే ఇంకెవరూ అడగకుండా తలుపు వేసేది అదే. 'నీ ప్రశ్నకు జవాబు దొరికిందా? లేకపోతే నేను చేస్తా' అంటే చాలు.

మర్యాద ఎక్కువైనా

వార్డులో రెండో సమస్య తెలిసేసరికి మూడు నెలలు పట్టింది. జూనియర్ నర్సులు ఇప్పుడు ఫోన్ చేస్తున్నారు, అయితే మరీ మెత్తగా. 'సార్, ఏం అనుకోకపోతే... ఈ డోసు ఒక్కసారి చూస్తారా, మీకు టైమ్ ఉంటేనే.' వినేవాడికి ఇది అత్యవసరంగా చేరదు. 'ఆ, చూస్తా' అని పెట్టేస్తాడు. అడగలేదని ఆమెను అనలేం, వినలేదని అతన్ని అనలేం. పెద్దల దగ్గర నసుగుతూ చెప్పడాన్ని అణకువ అనుకుంటాం. ప్రమాదాన్ని అలా చెబితే ప్రమాదమూ సన్నగా వినిపిస్తుంది. విమాన ప్రమాదాల్లో కో-పైలట్లు కెప్టెన్‌కు నసిగి చెప్పిన హెచ్చరికల నుంచే కాక్‌పిట్ శిక్షణలో స్పష్టంగా చెప్పే పద్ధతి పుట్టింది.

అందుకు మూడు మెట్లు నేర్పించారు. టీమ్‌స్టెప్స్ అనే ఆసుపత్రి బృంద శిక్షణలో ఉన్న మెట్లే, మన మాటల్లో. మొదట: 'ఈ డోసు గురించి నాకు ఆందోళనగా ఉంది.' కదలిక లేకపోతే: 'ఇది ఇవ్వడానికి నా మనసు ఒప్పడం లేదు.' అప్పటికీ లేకపోతే: 'ఇది పేషెంట్ భద్రతకు సంబంధించింది, తేలేదాకా ఆపుతున్నాను.' 'అండి' ఉండొచ్చు, 'సార్' ఉండొచ్చు. 'ఏం అనుకోకపోతే' ఉండకూడదు. మొదటి మెట్టు దగ్గరే అవతలివాళ్లు ఏం చేస్తున్నా ఆగి వినాలని ఫార్మసీకీ డాక్టర్లకూ అదే రోజు చెప్పాలి. ఒక వైపే నేర్పితే మెట్లు ఎక్కేవాళ్లు పొగరుబోతులుగా ముద్రపడతారు.

పైనుంచి వచ్చేది

'పాఠాలొద్దు' అన్న సీనియర్ డాక్టర్ దగ్గర ఇవేవీ సూటిగా పనిచేయలేదు. ఆయనకు మర్యాద గురించి చెప్పడం మానేసి, ఫార్మసీ తన కాల్స్‌ని మార్చుకుంది. చిన్నవన్నీ కలిపి రోజుకు రెండుసార్లు, ఆయన రౌండ్ అయిపోయిన పది నిమిషాలకు. వెంటనే అడగక తప్పనివి మాత్రం వెంటనే, బెడ్ నంబరుతో, సిద్ధంగా ఒక ప్రతిపాదనతో: 'రెండు గంటలు అని రాసుకోమంటారా?' అవును, కాదు అనడానికి ఎవరికైనా ఓపిక ఉంటుంది. ఇది సర్దుబాటే, పరిష్కారం కాదు. ఆయన కింద పనిచేసే జూనియర్ డాక్టర్లు అదే గొంతు నేర్చుకుంటున్నారన్న సంగతిని ఇది తాకలేదు. అది విభాగాధిపతి చేయాల్సిన పని, నివేదికలో అలాగే రాశారు, ఇప్పటికీ అలాగే ఉంది.

సమీక్షలో కొలత కూడా మార్చాల్సి వచ్చింది. మార్పుల తర్వాత మొదటి నెలలో డోసు సందేహాల కాల్స్ పెరిగాయి, వెంటనే ఎవరో 'పరిస్థితి దిగజారిందా?' అని అడిగారు. కాల్స్ తగ్గాలన్నది లక్ష్యంగా పెట్టుకున్నంతకాలం ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. ఇప్పుడు చూసేది పొటాషియం, ఇన్సులిన్, హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేది) లాంటి ప్రమాదకర మందుల ఆర్డర్లలో అసంపూర్ణంగా ఉన్నవెన్ని, వాటిలో ఇచ్చేముందే ఫోన్ వచ్చినవెన్ని అని. మొదటి అంకె తగ్గాలి, రెండోది మొదటిదానికి దగ్గరవ్వాలి.

ఆరు నెలల తర్వాత తనిఖీకి వెళ్తే ముందు జారిపోయి కనిపించేది నోట్‌బుక్కే. కొత్తగా చేరినవాళ్లకు దాని సంగతి ఎవరూ చెప్పరు, సాయంత్రం షిఫ్టులో కాల్ రాస్తారు గానీ 'తిరిగి చేశాను' గడి వదిలేస్తారు. ఆ గడి వరసగా మూడు రోజులు ఖాళీగా కనిపిస్తే మిగతా కాగితాలు తిరగేయక్కర్లేదు. వార్డుకు వెళ్లి, పొటాషియం గురించి ఈ వారం ఎవర్ని అడిగారో కనుక్కోవాలి.